ఆడని క్లబ్బులకు కోచ్

ప్రశ్న: ఫుట్‌బాల్లో గోల్స్ కొట్టేవాళ్ళు కోచ్‌లుగా పనికిరారని, వాళ్ళకు సొంత ఆట తప్ప ఇంకేదీ పట్టదని మా ఫ్రెండ్స్ వాదన. మన దేశంలో దీనికి ఎదురు చెప్పడానికి ఎవరైనా ఉన్నారా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఎందుకు లేరు, పీకే బెనర్జీ ఉన్నారు కదా! అచ్చంగా స్ట్రైకర్ అనలేం, కుడి వింగ్‌లో ఆడేవారు, కానీ గోల్స్‌లో స్ట్రైకర్లకేం తీసిపోలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన కెప్టెన్, ఫ్రాన్స్‌తో 1-1 డ్రాలో మన గోల్ ఆయనదే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి గోల్డ్ తెచ్చుకున్నప్పుడు మొదటి గోల్ కూడా ఆయనదే. (ఆ ఫార్వర్డ్ లైన్లో ఆయనతో ఆడిన తులసీదాస్ బలరాం మీ సికింద్రాబాద్ ఆటగాడేనని మీ ఫ్రెండ్స్‌కు తెలుసో లేదో!)

అసలు విచిత్రం ఏంటంటే, పీకే ఆటగాడిగా దాదాపు కెరీర్ అంతా ఈస్టర్న్ రైల్వేకే ఆడారు, కోల్‌కతాలో ఒకదానికొకటి పడని ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ క్లబ్బుల్లో ఏ జెర్సీ కూడా ఒక్కసారైనా వేసుకోలేదు, అయినా కోచ్‌గా రెండు క్లబ్బులనూ ఏలారు. ఈస్ట్ బెంగాల్ కోచ్‌గా 1975 ఐఎఫ్‌ఏ షీల్డ్ టోర్నీ ఫైనల్లో బగాన్‌ను 5-0తో చితక్కొట్టించి, మరుసటి ఏడాదే వెళ్ళి ఆ బగాన్‌కే కోచ్ అయ్యారు! కోల్‌కతాలో అలా చేసి తిట్లు తినకుండా బతకడమే గొప్ప. 1977లో పీలే అమెరికా క్లబ్ న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే ఆయన బగాన్ 2-2తో నిలబడింది.

మ్యాచ్‌కు ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో ఆయన చెప్పే మాటలకు 'వోకల్ టానిక్' అని పేరు. 1997 ఫెడరేషన్ కప్ సెమీస్‌లో సాల్ట్ లేక్‌లో లక్షా ముప్పై వేల మందికి పైగా జనం మధ్య, కోచ్ అమల్ దత్తా 'డైమండ్' వ్యూహంతో (ఆటగాళ్ళను వజ్రం ఆకారంలో నిలబెట్టడం) దిగిన బగాన్‌ను పీకే కోచ్‌గా ఉన్న ఈస్ట్ బెంగాల్ 4-1తో ఓడించింది, భూటియా హ్యాట్రిక్. అందరూ టానిక్ మహిమ అన్నారు. నాకైతే మాటలతోనే నాలుగు గోల్స్ పడతాయంటే నమ్మబుద్ధి కాదు. పీకే ఆడింది హైదరాబాద్ కోచ్ రహీమ్ సాబ్ దగ్గర, క్యాన్సర్‌తో ఉండి కూడా జకార్తా జట్టును నడిపించి మరుసటి ఏడాదే పోయిన మనిషి దగ్గర. అలాంటి కోచ్ కింద ఆడినవాడికి సొంత ఆట ఒక్కటే పట్టిందంటే ఎలా?

ప్రశ్న: మరి ఇండియా కోచ్‌గా ఏం సాధించారు?
– అదే పాఠకుడు

జవాబు: 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చిన జట్టుకు ఆయన కోచ్, కెప్టెన్ మన హైదరాబాదీ నయీముద్దీన్. 1982 ఢిల్లీలో మాత్రం క్వార్టర్స్‌లోనే సౌదీ చేతిలో 0-1తో ఓడిపోయాం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మన చివరి పతకం ఇప్పటికీ ఆ బ్యాంకాక్ కాంస్యమే.