ఏప్రిల్ నీళ్లకు ఫిబ్రవరిలో సంతకం

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

మీ మున్సిపాలిటీలో గ్రీనరీ సెక్షన్ నీకు అప్పగించారని, మెయిన్ రోడ్డు డివైడర్లూ ఫుట్‌పాత్ చెట్లూ ఇక నీ పూచీయేనని మీ అమ్మ చెప్పింది. పనికొచ్చేవి కొన్ని రాస్తున్నాను. ఫైలు పట్టుకునే ముందు ఒకసారి చదువుకో.

ముందు డబ్బు సంగతి. మొక్క నాటడానికి డబ్బు ఎలాగోలా వస్తుంది. ఫొటో ఉంటుంది, పెద్దలు వస్తారు, పేపర్లో పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ మొక్కకు నీళ్లు పోయడానికే రాదు. ఎవరి దుర్మార్గమూ కాదు, క్యాలెండరుతో వచ్చిన తంటా. మార్చి 31తో బడ్జెట్ సంవత్సరం ముగుస్తుంది, దాంతోపాటే నిర్వహణ కాంట్రాక్టూ ముగుస్తుంది. కొత్త టెండరు పిలిచి, ఒప్పందం రాసుకుని, వర్క్ ఆర్డర్ చేతికిచ్చేసరికి జూన్ వస్తుంది. ఎండ మండిపోయే ఆ రెండు నెలలూ ట్యాంకరు షెడ్డులోనే ఉంటుంది. అందుకని కాంట్రాక్టును ఏప్రిల్ నుంచి మార్చి దాకా రాయకు. జులై 1 నుంచి జూన్ 30 దాకా రాయి. కుదిరితే మూడేళ్లకు ఒకేసారి రాయి. ఈ ఏడాదికి అది వీలుకాకపోతే, పాత కాంట్రాక్టునే జూన్ దాకా పొడిగించమని ఫిబ్రవరిలోనే నోట్ పెట్టి కమిషనర్ గారి సంతకం తీసుకో. మార్చిలో అడిగితే అందరూ బిల్లుల్లో మునిగి ఉంటారు.

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 బడ్జెట్‌లో 10 శాతం గ్రీన్ బడ్జెట్‌గా పెట్టమంటోంది. ఉందిగదా అని ధీమా పడకు. నర్సరీ, కవర్లు, మొక్కల రవాణా, గుంతలు, ట్రీ గార్డులు అంటూ జనవరికే అది ఖాళీ అవుతుంది. నాటడానికి వేరే పద్దు, నిర్వహణకు వేరే పద్దు చూపించమని అకౌంట్స్ వాళ్లను పట్టుబట్టి అడుగు. ఒకే పద్దులో ఉన్నంత కాలం కొత్త మొక్క పాత మొక్క నోటి దగ్గర నీళ్లు లాగేసుకుంటుంది.

నిర్వహణ అంచనాలో నీళ్లదే పెద్ద వాటా, కాబట్టి ఆ లెక్క నీ చేత్తో నువ్వే వెయ్యి. 1.2 మీటర్ల వెడల్పున్న డివైడర్ కిలోమీటరు పొడవుంటే 1,200 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున ఒక తడికి 6,000 లీటర్లు పడుతుంది. ఎండాకాలం రోజు విడిచి రోజు తడపాలి. 5,000 లీటర్ల ట్యాంకరు, నింపుకునే చోటు దగ్గర్లోనే ఉంటే, రోజుకు నాలుగు ట్రిప్పులు తిరుగుతుంది. అంటే రోజుకు 3 కిలోమీటర్లు. రోజు విడిచి రోజు కాబట్టి ఒక ట్యాంకరుకు 6 కిలోమీటర్లు మించి అప్పగించకూడదు. మీ ఊళ్లో 12 కిలోమీటర్ల డివైడర్ ఉంటే ఎండాకాలానికి రెండు ట్యాంకర్లు తప్పవు. వానాకాలంలో ఒకటి కూడా ఎక్కువే. అందుకే నెలకు ఇంత అని గంపగుత్తగా రాస్తే, ఆగస్టులో వానలో నిలబడ్డ ట్యాంకరుకు పూర్తి అద్దె కట్టి, మే నెలలో డబ్బుల్లేవని చేతులెత్తేయాల్సి వస్తుంది. ట్రిప్పు లెక్కన రేటు రాసి, జీపీఎస్, లాగ్‌బుక్ రెండూ సరిచూసుకున్నాకే ఎంబుక్‌లో, అంటే బిల్లుకు ఆధారమయ్యే కొలతల పుస్తకంలో, ఎక్కించు.

నీళ్లు పోసే పద్ధతి కూడా చూడు. కదిలే బండి మీంచి పైపు పెట్టి ఆకుల మీద కొట్టుకుంటూ పోతారు. దూరం నుంచి తడిపినట్టే కనిపిస్తుంది. దిగి చేత్తో మట్టి తవ్వి చూస్తే అంగుళం కింద పొడి. పైగా ఆ ధారకు మట్టి కొట్టుకుపోయి వేర్లు బయటపడతాయి. పైపు చివర షవర్ తల పెట్టించి, పాదులోకి నిదానంగా పోయించు. మురుగునీటి శుద్ధి కేంద్రం నీళ్లు చవకగా దొరికితే తప్పకుండా వాడుకో. కానీ వాటిలో లవణాలు ఎక్కువుండొచ్చు. నూరువరహాల ఆకుల అంచులు మాడుతుంటే అదే కారణమనుకో. పదిహేను రోజులకొకసారి మంచినీళ్లతో గట్టిగా తడిపితే ఉప్పు కిందికి దిగుతుంది. గన్నేరుకు ఆ బాధ అంతగా లేదు.

పైపుల్లోంచి చుక్కలుగా నీళ్లు వదిలే డ్రిప్ పెడితే ట్యాంకరు ఖర్చు చాలావరకు తప్పుతుంది. అయితే ఎవరో తవ్విపోతారు, ఎలుకలు కొరుకుతాయి, శుద్ధి చేసిన నీటిలోని నాచు రంధ్రాలకు అడ్డం పడుతుంది. మొక్కల వెంట పోయే 16 ఎం.ఎం. సన్న పైపును (లేటరల్) రెండంగుళాల మట్టి కింద వేసి, 60, 70 మీటర్లకొక వాల్వు పెట్టించు. నీళ్లు వడకట్టే డిస్క్ ఫిల్టర్ వారానికోసారి కడగాలి. కడిగే మనిషి ఎవరో పేరుతో సహా తేల్చుకోకుండా డ్రిప్‌కు డబ్బు పెట్టకు.

కొత్తగా వేసిన డివైడర్ ఇంజినీరింగ్ వాళ్ల దగ్గర్నుంచి తీసుకునేటప్పుడు చేతిలో గడ్డపలుగు ఉండాలి. కర్బు, అంటే డివైడర్ అంచు గట్టు, కట్టాక మిగిలిన కాంక్రీటు, తారు ముక్కలు, కంకర అన్నీ లోపలే పడేసి పైన నాలుగంగుళాల ఎర్రమట్టి కప్పుతారు. ఒక ఏడాది బాగానే ఉంటుంది, రెండో ఎండాకాలానికి మొక్కలు ఎక్కడివక్కడే పసుపెక్కుతాయి. ఇరవై మీటర్లకొక చోట పలుగు దింపు. రెండడుగులు దిగకపోతే సంతకం పెట్టకు. 1.2 మీటర్ల వెడల్పు, రెండడుగుల లోతు మట్టి అంటే కిలోమీటరుకు దాదాపు 720 ఘనపు మీటర్లు, పది ఘనపు మీటర్ల టిప్పర్లయితే 72. ఈ అంకె రోడ్డు అంచనాలోనే ఉండాలి. తర్వాత నీ పద్దులోంచి పెట్టాలంటే ఏడాది నిర్వహణ సొమ్ము అందులోనే పోతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపితే చాలు. మట్టి మట్టం కర్బు కన్నా మూడంగుళాలు కిందే ఉండాలి, లేకపోతే తొలి వానకే బురద రోడ్డెక్కి బైకులు జారతాయి.

మొక్కల ఎంపికలో నా మాట ఒక్కటే: డివైడర్లో పచ్చిక వద్దు. నీళ్లు తాగుతుంది, కోతకు మిషన్ కావాలి, కలుపుకు మనుషులు కావాలి. నందివర్ధనం, గన్నేరు, టెకోమా మొండిగా నిలబడతాయి. బోగన్విలియా అందమే, కానీ ఆరడుగుల కన్నా సన్నటి డివైడర్లో ముళ్ల కొమ్మలు బైకువాళ్ల మొహాలకు తగులుతాయి. మందారం పెడితే పిండినల్లి పురుగుకు సిద్ధపడు. యూ-టర్నుల దగ్గర చివరి ఇరవై మీటర్లలో మోకాలి ఎత్తు దాటనివ్వకు, దాటే మనిషి డ్రైవరుకు కనపడాలి.

ఫుట్‌పాత్‌కు వేప, కానుగ, పొగడ. తురాయి పువ్వు చూసి మోసపోకు, గాలివానకు పుటుక్కున విరుగుతుంది. త్వరగా పెరుగుతుందని ఒకే జాతిని ఊరంతా వేసే ఆత్రం ఎక్కడికి దారితీస్తుందో విశాఖ చూసింది. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత అక్కడ ఏడాకుల పాల చెట్లు విరివిగా నాటారు. అవి పూతకొచ్చాక ఆ ఘాటు వాసన మీద, అలర్జీల మీద జనం ఫిర్యాదులు మొదలుపెట్టారు. త్వరగా పెరిగే కోనోకార్పస్ చెట్టును కూడా అలాగే నాటి, తర్వాత వద్దన్నారు.

చెట్టు చుట్టూ మీటరు మేర సిమెంటు వేయనివ్వకు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంలో ఇదే చెప్పింది, టైల్స్ కాంట్రాక్టరుకు ఆ మాట చూపించు. మాను ట్రీ గార్డును తాకేలోపే గార్డు తీసేయించు, లేకపోతే ఇనుము బెరడులోకి దిగుతుంది. కొమ్మలు ఫిబ్రవరి, మార్చిలో పలచబరచాలి, ఎందుకంటే ఏప్రిల్, మే ఈదురుగాలులు ముందున్నాయి. కరెంటు వాళ్లు తీగల వైపే నరికేసి పోతే చెట్టు రెండో వైపుకు ఒరుగుతుంది. వాళ్లు వచ్చిన రోజు నీ మనిషి అక్కడుండాలి.

ఇక డివైడర్లను కంపెనీలు దత్తత తీసుకోవడం. కంపెనీల చట్టం, 2013 ప్రకారం పర్యావరణ పనులకు సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) డబ్బు ఖర్చు పెట్టొచ్చు కాబట్టి కంపెనీలు ముందుకొస్తాయి. వచ్చిన వాళ్లను కాదనకు, కానీ మూడేళ్ల ఒప్పందం, తొలి ఏడాది ఖర్చు ముందే మున్సిపాలిటీ ఖాతాలో డిపాజిట్, బోర్డు సైజు, ఎన్ని మీటర్లకొక బోర్డు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. లేకపోతే మొదటి నెల బోర్డులొస్తాయి, మొదటి ఎండాకాలానికి బోర్డులే మిగులుతాయి. కేబుళ్లకు రోడ్డు తవ్వే వాళ్ల దగ్గర వసూలు చేసే పునరుద్ధరణ చార్జీల్లో మొక్కలు, మట్టి, డ్రిప్ పైపుల వాటా చేర్పించడం కూడా మరవకు. అది ఎవరూ అడగని డబ్బు.

కాంట్రాక్టరుకు బిల్లు బతికున్న మొక్కల మీద కట్టు. నెలకోసారి ఖాళీలు లెక్కపెట్టి, చచ్చిన మొక్కను పదిహేను రోజుల్లో అదే ఎత్తు మొక్కతో అతని ఖర్చు మీద పెట్టించు. చిన్న కవరు మొక్క పెట్టి లెక్క సరిపెడతారు, ఎత్తు ఒప్పందంలో అంగుళాల్లో రాసి ఉంచు.

ఒక్క విషయంలో బేరం లేదు. ట్యాంకరు ఫాస్ట్ లేన్లో ఆగి ఉంటుంది, వెనక నుంచి బండి వచ్చి గుద్దుతుంది. పనివాళ్లకు మెరిసే జాకెట్లు, ట్యాంకరు వెనక బ్లింకర్, 30 మీటర్ల ముందు నుంచి కోన్లు ఉండాలి. పని తెల్లారాక మొదలై తొమ్మిది లోపు అయిపోవాలి, పొగమంచు ఉంటే విడిచేదాకా ఆగాలి. వీటికయ్యే ఖర్చు అంచనాలో విడిగా చూపించు, ఓవర్‌హెడ్‌లో, అంటే చిల్లర ఖర్చుల్లో, కలిపితే కాంట్రాక్టరు కొనడు.

అంచనా తయారయ్యాక ఒక కాపీ పంపు, టెండరుకు వెళ్లే ముందు చూసి పెడతాను.

మీ పెదనాన్న