టెక్ సందేహాలు: తలా ఒక ట్యాబా, ఇద్దరికొక క్రోమ్‌బుక్కా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర జడ్పీ హైస్కూల్. పూర్వ విద్యార్థులు పోగుచేసి 3 లక్షలు ఇచ్చారు. 6, 7, 8 తరగతులకు పనికొచ్చేవి కొనాలి. ఏ క్లాసులోనూ 26 మందికి మించి లేరు. హన్మకొండ షాపులో ట్యాబ్ 10 వేలు, క్రోమ్‌బుక్ (గూగుల్ వారి క్రోమ్ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్) 20 వేలు చెప్పారు. క్లాసులు వంతులవారీగా వాడుకుంటే ట్యాబ్‌లైతే తలా ఒకటి వస్తుందని మా హెచ్ఎం గారి మాట. ఏది మంచిది? - ఒక సైన్స్ టీచర్

జవాబు: తలా ఒకటి ఫొటోలో బాగుంటుంది మేడమ్. క్లాసులో కష్టం. మా అన్న బిడ్డ ఏడో తరగతి. రామప్ప గుడి మీద అర పేజీ ట్యాబ్‌లో రాయమన్నాను. కీబోర్డే సగం స్క్రీన్ తినేసింది, పైన రాసింది కనబడదు, ఒత్తు పడాల్సిన చోట పొల్లు పడుతోంది. నాలుగు లైన్లకే "చిన్నాన్నా, మైక్‌లో చెప్పనా?" అంది. ఇంట్లో ఒక్కతే కాబట్టి నడిచింది. 26 మంది ఒకేసారి మైక్‌లో మొదలుపెడితే మీ గతి ఊహించుకోండి.

ట్యాబ్ చూడటానికి బాగుంటుంది, రాయడానికి కాదు. ఈ వయసు పిల్లలు రాయాలి, లెక్కల పట్టిక వేయాలి, చిన్న ప్రోగ్రామ్ కట్టాలి. అందుకే నా ఓటు 13 క్రోమ్‌బుక్‌లకు, అంటే 2.6 లక్షలు. ఇద్దరికొకటి. ఒకరు టైప్ చేస్తుంటే ఇంకొకరు పుస్తకం చూసి చెబుతారు, పది నిమిషాలకోసారి చేతులు మారాలి. మిగిలిన 40 వేలలో ఒకే ఒక్క ట్యాబ్ కొనండి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడానికి, మీ ప్రయోగాల వీడియో తీయడానికి అదే హాయి.

చౌక ట్యాబ్ మోజు మనకు కొత్త కాదు. 2011లో వచ్చిన ఆకాశ్ ట్యాబ్‌ను మన హైదరాబాద్‌లోనే బిగించారు. మొదటి మోడల్‌లో ర్యామ్ 256 ఎంబీ, స్క్రీన్‌ను గోరుతో నొక్కితే గానీ కదిలేది కాదు.

కొనేముందు షాపులోనే క్రోమ్‌బుక్ ఆన్ చేయించి, సెట్టింగ్స్‌లో 'అబౌట్ క్రోమ్ఓఎస్' తెరిచి, అప్‌డేట్లు ఎప్పటివరకు వస్తాయో చూడండి. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు 10 ఏళ్లు ఇస్తున్నారు. కానీ ఆ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ తరం మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి. గోడౌన్‌లో మూడేళ్లు పడుకున్న సరుకైతే మూడేళ్లు పోయినట్టే. బేరం అక్కడే ఆడండి. ఇక స్కూళ్లకు గూగుల్ వర్క్‌స్పేస్ (మెయిల్, డాక్యుమెంట్లు, పట్టికల యాప్‌ల సెట్) ప్రాథమిక ఎడిషన్ ఉచితం. క్రోమ్‌బుక్‌లన్నింటినీ ఒకేచోట నుంచి కంట్రోల్ చేయాలంటే మాత్రం ఒక్కోదానికి లైసెన్స్ విడిగా కొనాలి.

ఫోన్ హాట్‌స్పాట్‌తో 13 నడిపిద్దామనుకోకండి. చాలా ఫోన్లు పదితోనే ఆగిపోతాయి. రూటర్ కావాలి. నెట్ పోయిన రోజు కోసం పిల్లలు వాడే డాక్యుమెంట్లకు ఆఫ్‌లైన్ ముందే ఆన్ చేసి పెట్టండి.

అసలు తలనొప్పి కరెంటు దగ్గర. ఒక్కో చార్జర్ 45 వాట్లనుకుంటే 13కి 585. మామూలు 6 ఆంప్ సాకెట్ 1380 వాట్ల దాకా మోస్తుంది కాబట్టి లెక్కకు సరిపోతుంది. కానీ ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే ప్లగ్గులు మాడతాయి. రోజుకు నాలుగు పీరియడ్లు వాడితే మూడు గంటలే. కాబట్టి రోజు విడిచి రోజు, రెండు విడతలుగా, మనిషి ఉన్నప్పుడే చార్జింగ్ పెట్టండి. తాళం ఉన్న బీరువా, వైరింగ్, ఒకట్రెండు స్పేర్ చార్జర్లు... మిగిలిన డబ్బు వీటికే.

ఇంకోటి, వేసవి సెలవులు. ఎండ 44 డిగ్రీలు కొట్టే మన దగ్గర, రేకుల గదిలో ఫుల్ చార్జ్‌తో పెట్టి తాళమేసి పోతే జూన్‌లో బ్యాటరీలు నీరసపడి ఉంటాయి. సగం చార్జ్‌లో పూర్తిగా ఆపేసి, స్లాబు గదిలో, కిందిఅరలో పెట్టండి.

ప్రశ్న: మా స్కూల్ ల్యాబ్‌లో పాత ల్యాప్‌టాప్‌లున్నాయి, విండోస్ 11 ఎక్కట్లేదు. పారేయాలా? - జమ్మికుంట నుంచి ఒక టీచర్

జవాబు: తొందరపడకండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, నిజమే. విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయించండి. కేరళ సర్కారు బడులు ఏళ్లుగా దాని మీదే నడుస్తున్నాయి. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయిస్తే వేగం మీకే తెలుస్తుంది. అయితే ముందు ఒక్క మెషీన్ మీద వేసి, ల్యాబ్ ప్రింటర్ పనిచేస్తోందో లేదో చూశాకే మిగతావాటిని ముట్టుకోండి.