గేరుబాక్సు దింపించే ముందు

చిరంజీవి మేనల్లుడికి, రాయగడ నుంచి మావయ్య ఆశీస్సులు.

నీ మారుతి 800 సంగతి అమ్మ చెప్పింది. స్పీడు మీటరు సూది కదలట్లేదనీ, ఉదయగిరి ఘాటీ దిగుతుంటే మూడో గేరు జారిపోతోందనీ, బండి కింద నూనె చుక్కలు పడుతున్నాయనీ, అక్కడ షెడ్డులో గేరుబాక్సు దింపేయాలన్నారనీ విన్నాను. అప్పుడే ఒప్పుకోకు. బయటినుంచి తేలేవన్నీ ముందు తేల్చుకో. దింపడం ఆఖరి పని.

మీటరుతో మొదలుపెట్టు. స్పీడు ఎంతో మనకి తెలుస్తుంది కదా అని చాలామంది దాన్ని వదిలేస్తారు. నేను మాత్రం పాత బండి ఏది వచ్చినా ముందు అదే చూస్తాను, ఎందుకంటే అది గేరుబాక్సు నుంచే నడుస్తుంది. నీది 1998 బండి, సూది తిరగడానికి కరెంటుతో పనిలేదు. గేరుబాక్సులో పినియన్ అనే చిన్న పళ్ళ చక్రం, దానికి కేబులు, కేబులు రెండో చివర మీటరులో అయస్కాంతం. అయస్కాంతం తిరిగితే దాని మీదున్న అల్యూమినియం గిన్నె కూడా తిరగబోతుంది, సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ రెండిటి మధ్య సూది ఎక్కడ నిలబడితే అదే స్పీడు. కిలోమీటర్ల అంకెలు కూడా అదే కేబులుతో తిరుగుతాయి.

అందుకే సూదినీ అంకెల్నీ కలిపి చూడాలి. రెండూ ఆగిపోతే తప్పు కేబులులోనో పినియన్‌లోనో ఉంటుంది. సూది ఆడుతూ అంకెలు కదలకపోతే మీటరు లోపల పళ్ళ చక్రం పోయింది. అంకెలు తిరుగుతూ సూది పడుకుంటే మీటరే చెడింది, కేబులు మార్చి డబ్బు తగలెయ్యకు. సూది వణుకుతూ కీచుమని చప్పుడొస్తే కేబులు ఎండిపోయిందనో, ఎక్కడో మడత పడిందనో అర్థం.

నీ విషయంలో రెండూ ఆగాయని అమ్మ చెప్పింది. కాబట్టి ఇలా చెయ్యి. ఇంజను ఆపి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపు. జాకీ ఒక్కదాన్నే నమ్మకు, కింద స్టాండో దిమ్మో పెట్టు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, మీటరు వెనక కేబులు ఊడదీసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ కేబులు కొసలోకి చూడు. లోపల నలుపలకల తీగ కొస కనిపిస్తుంది. అది తిరుగుతుంటే కేబులూ పినియనూ మంచివే, మీటరు విప్పించు. తిరగకపోతే తీగని మెల్లగా బయటికి లాగు. సగంలో తెగి వస్తే నీ అదృష్టం, కేబులు ఒక్కటే ఖర్చు. మొత్తం తీగ బాగానే ఉంటే పినియన్ విప్పించు. చాలా బళ్ళలో అది ప్లాస్టిక్‌ది, పళ్ళు అరిగిపోతాయి. కేబులుకి గ్రీజు పల్చగా రాయించు, మీటరు వైపు కొస మాత్రం పొడిగా వదిలెయ్యాలి. లేకపోతే గ్రీజు పాకి మీటరులోకి చేరుతుంది.

ఇప్పుడు నూనె చుక్కలు. ఆ పినియన్ గేరుబాక్సులోకి దిగే చోట ఒక రబ్బరు రింగు ఉంటుంది. పాత బండిలో అది బిరుసెక్కి నూనె వదులుతుంది. నూనె గేరుబాక్సు ఒంటిమీద కారి అడుగునుంచి పడుతుంటే చూసినవాళ్ళు యాక్సిల్ సీలు, అంటే చక్రం ఇరుసు దగ్గర నూనె ఆపే రింగు, పోయిందనుకుంటారు. గుడ్డతో శుభ్రంగా తుడిచి, పౌడరు చల్లి, బజారుదాకా వెళ్ళిరా. తడి ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది.

నూనె ఎలా ఉందో కూడా చూడాలి. బండి చదునుగా నిలబెట్టి ముందు పైన పోసే బోల్టు విప్పు, అది వచ్చాకే కింద బోల్టు జోలికెళ్ళు. పైది తుప్పు పట్టి రాకపోతే, కిందినుంచి నూనె తీసేశాక మళ్ళీ పోసే దారే ఉండదు. కాసిని చుక్కలు వేళ్ళ మధ్య రుద్ది ఎండలో పెట్టి చూడు. ఇత్తడి రంగు మెరుపు ఉంటే, గేర్లు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు అరుగుతున్నాయి. ఉక్కు ముక్కలు గుచ్చుకుంటే పళ్ళు విరుగుతున్నాయి, అప్పుడు దింపక తప్పదు. పాలలా ఉంటే వానాకాలంలో నీళ్ళు దూరాయి. కొత్త నూనె మాన్యువల్లో రాసిన గ్రేడే పోయించు, జీఎల్-4 రకం. జీఎల్-5 ఖరీదెక్కువ కాబట్టి మంచిదంటారు, కానీ దానిలో కొన్ని రకాలు ఇత్తడి రింగుల్ని తినేస్తాయి.

గేరు జారడానికి కూడా బయటి కారణాలున్నాయి. ఇంజను మౌంటు రబ్బరు చచ్చుబడితే, యాక్సిలరేటరు వదిలిన ప్రతిసారీ ఇంజను ఊగి గేరు రాడ్డుని లాగేస్తుంది. లివరు కింద బుష్షులు అరిగినా అంతే. ఈ రెండూ గేరుబాక్సు దింపకుండానే మార్చొచ్చు. అవి సరిచేసినా జారితే లోపలి తప్పే. అప్పటిదాకా ఘాటీ రెండో గేరులో, నెమ్మదిగా దిగు. లివరు చేత్తో పట్టుకుని కూర్చోకు, లోపల గేర్లని జరిపే ఫోర్కు అరిగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఎప్పుడూ దిగొద్దు నాన్నా. ఆ మలుపుల్లో బ్రేకులు వేడెక్కాయంటే మనచేతిలో ఏమీ ఉండదు.

మీటరు పనిచేస్తే ఇంకో లాభం ఉంది. ఎక్కుడులో ఇంజను అరుస్తూ సూది పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోందని వెంటనే తెలిసిపోతుంది. ఇప్పుడు సూది లేదు కాబట్టి నీకు తెలియట్లేదేమో. బండి ఆపినప్పుడు గేర్లు మెత్తగా పడి, స్టార్టు చేశాక మొరాయిస్తే అదీ క్లచ్ సంగతే, క్లచ్ కేబులు సాగిందేమో చూపించు.

అన్నీ అయ్యాక మీటరు నిజం చెబుతోందో లేదో చూసుకో. సూది 40 దగ్గర నిలకడగా పెట్టి నడుపు, పక్కనున్నవాళ్ళని ఒక కిలోమీటరు రాయి నుంచి తర్వాతి రాయికి టైము చూడమను. 90 సెకన్లు పట్టాలి. ఆల్టో సైజు 145/80 టైర్లు వేయించి ఉంటే మాత్రం, అవి కాస్త పెద్దవి కాబట్టి, సూది 50 దగ్గరున్నప్పుడు బండి దాదాపు 53లో పోతుంటుంది, అది మీటరు తప్పు కాదు. 2028లో రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్ళేసరికి ఇవన్నీ సరిగ్గా ఉండాలి.

మీటరు కేబులు బరంపురంలో కొంటే పాతది వెంట పట్టుకెళ్ళు. కొట్టు దగ్గరే రెండూ పక్కపక్కన పెట్టి పొడుగు కొలిపించు. కొత్తది పొట్టిగా ఉంటే మలుపు దగ్గర బిగుసుకుని మళ్ళీ తెగుతుంది.

ఇట్లు,
మావయ్య