యోగాకు నెలనెలా డాలర్లు కట్టకండి

అమెరికాకు కొత్తగా వచ్చాను, యోగా నేర్పే స్టూడియోలో చేరనా అని ఉత్తరంలో అడిగారు. ముందు ఆ ప్రశ్నకు సూటిగా జవాబు: చేరకండి. కనీసం మొదటి ఏడాది చేరకండి. "ఎంతైనా ఫర్వాలేదు, చేరు" అని మీ వారు అన్నారని రాశారు. మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ ఒక్క జీతం మీద, కొత్తగా అద్దె ఇల్లు తీసుకుని, కారు వాయిదాలు కట్టుకుంటున్న దంపతులకు నెలకు వంద డాలర్లు దాటే చందా చిన్న ఖర్చు కాదు. షికాగో పక్కన నేపర్‌విల్‌కు కొత్తగా వచ్చినప్పుడు నేను ఇంటి ఖర్చులన్నీ ఒక డైరీలో రాసుకునేదాన్ని. ఆ డైరీ ఇంకా బీరువాలో ఉంది. అందులో యోగా పేరు మీద పోయిన డబ్బు చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మీకూ అదే జరగకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాకు దగ్గరలో ఒక స్టూడియో ఉండేది. మొదటి నెల చాలా తక్కువ ధర అని బోర్డు పెట్టారు. లోపలికి వెళ్లగానే కౌంటరు దగ్గర పలక లాంటి తెర చేతికిచ్చి వేలితో సంతకం పెట్టమన్నారు. పెట్టేశాను. రెండో నెల నుంచి పూర్తి చందా కార్డులోంచి దానంతట అదే పోతుందని, మానేయాలంటే ముప్పై రోజుల ముందే రాతపూర్వకంగా చెప్పాలని అందులో ఉంది. నేను చదవలేదు. అది గదిని సుమారు నలభై డిగ్రీలకు వేడి చేసి చేయించే హాట్ యోగా అని కూడా మొదటి రోజు లోపలికి అడుగుపెట్టాకే తెలిసింది. కళ్లు తిరిగి గోడకు ఆనుకుని కూర్చున్నాను. అయినా డబ్బు కట్టాను కదా అని వెళ్లాను. జనవరిలో మంచు పడింది. ఉన్న ఒక్క కారు ఆయన ఆఫీసుకు తీసుకువెళ్లేవారు. వెళ్లడం మానేశాను. వెళ్లకపోతే డబ్బు కూడా ఆగిపోతుందనుకున్నాను. మార్చిలో పన్నుల కాగితాల కోసం కార్డు స్టేట్‌మెంట్లు తిరగేస్తే ప్రతి నెలా అదే పేరు, అదే మొత్తం కనిపించాయి. మా వారు ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే బాగుండేదేమో.

ఆ తర్వాత ఇంట్లోనే చేద్దామనుకున్నాను. అందుకూ డబ్బు తగలేశాను. మందంగా, మెత్తగా ఉన్న ఖరీదైన మ్యాట్ కొన్నాను. మన అపార్టుమెంట్లలో హాలంతా కార్పెట్ కదా. దాని మీద మెత్తటి మ్యాట్ వేసి వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడి చూడండి, పాదం కింద నేల ఊగుతూనే ఉంటుంది. చేతులు, కాళ్లు నేలకు ఆనించి నడుము పైకెత్తితే మ్యాట్ ముడతలు పడి జారుతుంది. స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనమని పతంజలి చెప్పినది ఆ కార్పెట్ మీద కుదరలేదు. చివరికి నాకు పనికొచ్చిన చోటు వంటగది. అక్కడ నేల గట్టిగా ఉంటుంది. పొయ్యికీ సింకుకూ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా ఉంటే చాలు. పల్చటి మామూలు మ్యాట్ ఒక్కటి కొనుక్కోండి. పడుకుని చేసే ఆసనాలకు దాని మీద ఊరి నుంచి తెచ్చుకున్న జంపఖానా పరవండి. పట్టీలు, చెక్కదిమ్మలు, గుండ్రటి దిళ్లు అని దుకాణంలో చూపిస్తారు. పాత చున్నీ, లావుపాటి పుస్తకాలు, చుట్టిన బొంత అదే పని చేస్తాయి. నేను ఇన్నేళ్లుగా వాటితోనే చేస్తున్నాను. మా వీధిలో నా వయసువాళ్లు చాలామంది మెట్లెక్కడానికి రెయిలింగ్ పట్టుకుంటారు. నేను ఇప్పటికీ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేయి ఆనించకుండా లేస్తాను.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయింది మాత్రం వీడియోల వల్ల. ఇది జాగ్రత్తగా వినండి. టీవీలో ఒకాయన హలాసనం వేస్తుంటే చూసి నేనూ వేశాను. కాళ్లు తల వెనక్కి పోయాయి, బరువంతా మెడ మీద ఉంది. తర్వాత ఏం చేయాలో చూద్దామని ఆ భంగిమలోనే తల పక్కకు తిప్పి టీవీ వైపు చూశాను. మెడలో ఏదో కలుక్కుమంది. మర్నాటికి తల తిప్పలేకపోయాను. డాక్టరు, ఎక్స్‌రే, ఆపైన ఫిజియోథెరపీ. ఏడాది మొదట్లో కావడంతో ఇన్సూరెన్సులో డిడక్టబుల్ ఇంకా పూర్తి కాలేదు. అంటే ఆ హద్దు దాటేదాకా బిల్లులు మన చేతి నుంచే కట్టుకోవాలి. ఒక ఆసనానికి అంత డబ్బు పెట్టామంటే మా అమ్మ నమ్మలేదు. భారత ఆయుష్ మంత్రిత్వ శాఖ రూపొందించిన సామాన్య యోగా అభ్యాసక్రమం ఒకటి ఉంది. దాదాపు నలభై అయిదు నిమిషాలది, ఉచితంగానే దొరుకుతుంది. అందులో తాడాసనం, వృక్షాసనం, భుజంగాసనం, సేతుబంధాసనం, పవనముక్తాసనం వంటివి ఉంటాయి. భుజాల మీద బరువు మోపి కాళ్లు నిటారుగా పైకెత్తే సర్వాంగాసనం గానీ, పూర్తి హలాసనం గానీ లేవు. కొత్తవాళ్లు ఆ హద్దులోనే ఉండాలి. అదైనా తెర చూస్తూ చేయకండి. ముందు కూర్చుని ఒకసారి చూసి, చేసేటప్పుడు మాట మాత్రమే వినండి.

డబ్బు పెట్టదగ్గది ఒక్కటే ఉంది: మీరు చేసేది చూసి తప్పు దిద్దే మనిషి. అందుకు ఇక్కడివాళ్లకు డాలర్లలో ఇవ్వనక్కర్లేదు. మన ఊళ్లో యోగా నేర్పే టీచరును ఎవరినైనా అడగండి, ఫోనులో వీడియో కాల్ ద్వారా చెబుతారు. నేను విజయవాడలో ఒకావిడ దగ్గర నేర్చుకున్నాను. ఫీజు రూపాయల్లోనే. నెల మొదట్లో మా తమ్ముడు తన ఫోను నుంచి కట్టేవాడు. ఫోనును నేల మీద, మీ పక్కగా, గోడకు ఆనించి పెట్టండి. ఎదురుగా పెడితే నడుము కుంగుతోందో లేదో టీచరుకు కనిపించదు. సమయం కూడా కుదురుతుంది. చలికాలంలో మన ఉదయం ఆరు అక్కడ సాయంత్రం అయిదున్నర, వేసవిలో నాలుగున్నర. మార్చిలో, నవంబరులో ఇక్కడ గడియారాలు మారుస్తారని టీచరుకు ముందే చెప్పండి. నేను చెప్పక ఒక వారం ఫీజు వృథా అయింది. ఆసనాలు కుదిరాక వారానికి ఒక పాఠం చాలు, ఆ తర్వాత నెలకొకటి. ఆ పొదుపు కూడా చిన్నదేమీ కాదు.

ఇక రోజూ సాగడం ఎలా అని అడిగారు. మీకు సంకల్పబలం లేదని రాశారు. అది ఎవరికీ ఉండదమ్మా, మొదట్లో. నేను సంకల్పాన్ని నమ్ముకోలేదు, కాఫీని నమ్ముకున్నాను. లేవగానే ఫిల్టరులో పొడి వేసి, మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి, పక్కనే మ్యాట్ పరుస్తాను. చుక్క చుక్కగా డికాక్షన్ దిగుతూ ఉంటుంది. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో ఆ చప్పుడు నేల మీద పడుకున్నా వినిపిస్తుంది. మొదట్లో వేగంగా, తర్వాత ఆగి ఆగి. అది పూర్తిగా ఆగేలోపు నా ఆసనాలు అయిపోతాయి. కడుపు ఖాళీగా ఉండాలన్న నియమమూ దానంతట అదే తీరుతుంది. డికాక్షన్ దిగాక శవాసనం, కాసేపు అనులోమ విలోమం, భ్రామరి అనే ప్రాణాయామాలు, ఆపైన కాఫీ. కాఫీ మానేస్తే తప్ప యోగా మానలేను. నలభై అయిదు నిమిషాలూ చేయాలని మొదటి వారమే పెట్టుకుంటే రెండో వారానికి మ్యాట్ మంచం కిందకు పోతుంది.

ఇక్కడివి చెక్కతో కట్టిన ఇళ్లని మరిచిపోకండి. మీ అడుగు కింది వాళ్లకు పిడుగులా వినిపిస్తుంది. సూర్య నమస్కారాల్లో కాళ్లు రెండూ ఒకేసారి వెనక్కి గెంతించకుండా ఒక్కోటీ మెల్లగా పెట్టండి. తెల్లవారుజామున ఫిర్యాదు వెళితే అపార్టుమెంటు ఆఫీసు నుంచి నోటీసు వస్తుంది. చలికాలంలో హీటరు గాలికి ముక్కు లోపల ఎండిపోయి ప్రాణాయామం కష్టమవుతుంది. ఒక గిన్నెలో నీళ్లు పెట్టుకున్నా కొంత నయం. జలనేతి, అంటే ముక్కులోకి నీళ్లు పోసి కడుక్కోవడం, చేయాలనుకుంటే మాత్రం కుళాయి నీళ్లు వద్దు. బాగా మరిగించి చల్లార్చినవో, డిస్టిల్డ్ నీళ్లో వాడాలి. కుళాయి నీళ్లలో ఉండే సూక్ష్మజీవులు ముక్కు ద్వారా మెదడుకు చేరే ప్రమాదం ఉంది. ఇక్కడ మాత్రం పొదుపు చూడకండి.

ఒంటరిగా ఉంటోందని కూడా రాశారు. నిజమే, మొదటి చలికాలం అలాగే ఉంటుంది. అందుకని స్టూడియోకు డబ్బు పోయకండి. మన ఇల్లినాయ్‌లో చాలా ఊళ్లకు పార్క్ డిస్ట్రిక్ట్ అని పార్కులు చూసుకునే స్థానిక సంస్థ ఉంటుంది. యోగా తరగతులు నడుపుతారు, స్టూడియో కంటే చాలా చవక, పైగా ఊరివాళ్లకు తక్కువ ధర. అద్దెకు ఉన్నా మీరు ఊరివాళ్లే. ఇంటి ఒప్పందం చూపిస్తే సరిపోతుంది. లైబ్రరీ కార్డుకు పైసా ఖర్చు లేదు, అక్కడ యోగా పుస్తకాలు, డీవీడీలు దొరుకుతాయి. అరోరా బాలాజీ గుడికి వెళ్లినప్పుడు మీలాంటి కొత్త కోడళ్లు ఎంతోమంది కనిపిస్తారు. ఒకరితో స్నేహం చేసుకుని ఇద్దరూ ఫోను స్పీకరులో పెట్టుకుని ఒకే సమయానికి చేసుకోండి. జూన్ 21న యోగా దినోత్సవానికి భారత కాన్సులేట్ వాళ్లు పెట్టే కార్యక్రమాలకు కూడా టికెట్ ఉండదు.

మీకు బాగా వచ్చాక పక్కింటివాళ్లకు నేర్పి నాలుగు డబ్బులు సంపాదించవచ్చా అని అడిగారు. హెచ్-4, అంటే ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా, మీద ఉండి, పని అనుమతి కార్డు లేకుండా డబ్బు తీసుకోకూడదు. 2015 నుంచి కొందరు హెచ్-4 వాళ్లకు ఆ కార్డు ఇస్తున్నారు. అది మీకు వర్తిస్తుందో లేదో ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్లో చూసుకోండి, లేదా మీ వారి కంపెనీ లాయరును అడగండి. నగదుగా తీసుకుంటే తెలియదులే అనే స్నేహితుల మాట వినకండి. ఆ నాలుగు డాలర్ల కోసం వీసా పోగొట్టుకుంటే ఇంతకాలం పెట్టిన ఖర్చంతా నీళ్లపాలు.

చివరగా, ట్రయల్ నెలకు కార్డు నంబరు ఇప్పటికే ఇచ్చేశానని ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో రాసి ఊరుకున్నారు. అసలు సంగతి అదే. ఈ రోజే ఒప్పందం తీసి, మానేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో చూడండి. ఈమెయిల్‌లో రాసి పంపండి, వాళ్ల జవాబు దాచుకోండి. ఫోనులో చెబితే రుజువు ఉండదు. తర్వాతి రెండు నెలలూ కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ పేరు వచ్చిందేమో చూసుకోండి. వస్తే ఆ ఈమెయిల్ చూపించి డబ్బు వెనక్కి ఇప్పించమని మీ బ్యాంకును అడగండి.