కార్పొరేటర్‌గా నిలబడతానన్న మేనకోడలికి

చి.సౌ. సునీతకు,

మామ ఆశీస్సులు. ఈసారి హైదరాబాద్ బల్దియా (నగరపాలక సంస్థ) ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. ఫ్లెక్సీల కోసం ఫొటో కూడా దిగావట. ఫ్లెక్సీ సంగతి తర్వాత చూద్దాం బిడ్డా, ముందు ఓటరు జాబితా పట్టుకో. వార్డు ఎన్నిక మైకు దగ్గర కంటే కాగితాల దగ్గరే ఎక్కువ తెగుతుంది. అందుకే ఈ ఉత్తరం నిండా కాగితాల గోలే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

అసెంబ్లీ ఎన్నికలు జరిపే కమిషన్ వేరు, మనకు జరిపేది వేరు. మనది రాష్ట్ర ఎన్నికల సంఘం. కానీ ఓటరు జాబితా మాత్రం అసెంబ్లీదే. దాన్ని వార్డులవారీగా కోసి, ముసాయిదా అంటించి, అభ్యంతరాలు తీసుకుని, తుది జాబితా వేస్తారు. తప్పులన్నీ ఆ కోతలోనే పుడతాయి. గల్లీకి ఎడమవైపు ఇళ్లు ఒక వార్డులో, కుడివైపు ఇళ్లు ఇంకో వార్డులో పడతాయి. ఒకే ఇంట్లో అత్త ఇక్కడ, కోడలు అక్కడ తేలతారు. 2009, 2016, 2020 ఎన్నికలు మూడూ 150 వార్డుల మీదే జరిగాయి. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పట్టణ సంస్థలను కలిపి 300 చేశారు. కాబట్టి పాత కార్పొరేటర్ దగ్గరి పాత జాబితా ఎవరైనా ఇస్తే తీసుకుని పక్కన పెట్టు. హద్దుల నోటిఫికేషన్‌లో ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అని రోడ్ల పేర్లతో రాసి ఉంటుంది. అది చేత్తో పట్టుకుని, బండి మీద కాదు, నడిచి తిరుగు.

ఇంటి నంబర్లు చూసి మోసపోకు. హైదరాబాద్ పాత నంబర్లలో మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, ఆ తర్వాతది ఇల్లు. కానీ ఆ వార్డు ఎప్పటిదో పాత మున్సిపాలిటీ వార్డు. నువ్వు పోటీ చేసే వార్డుకూ దానికీ సంబంధం లేదు. '8-2 అంటే మన వార్డే కదా' అని పక్క వార్డు ఇళ్లన్నీ తిరిగి కాళ్లు అరగదీసుకునేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

ఇక లెక్క. 2020లో నగరంలో 74 లక్షల పైచిలుకు ఓటర్లు, 9,101 పోలింగ్ కేంద్రాలు. అంటే సగటున వార్డుకు దాదాపు 50 వేల ఓట్లు, 60 బూత్‌లు. బూత్‌కు 800 పైన. పోలైంది నూటికి 46 చిల్లర. అంటే వార్డులో 23 వేల మంది వచ్చారనుకో. ముగ్గురు గట్టివాళ్లుంటే తొమ్మిది పది వేల ఓట్లతో గెలుపు తేలుతుంది. కొత్త వార్డులకు ఈ అంకెలు సరిపోవు, నీ తుది జాబితాతో నువ్వే వేసుకో. లెక్క వేసే తీరు మాత్రం ఇదే. యాభై వేల మందిని మెప్పించే పని కాదిది. ఇంట్లోంచి కదిలి వచ్చే సగంమందిలో నీవాళ్లెవరో పేరుపేరునా తెలియాలి.

అందుకు బూత్‌కొక నోటుబుక్కు పెట్టు. ఆ గల్లీలోనే ఉండే ఒక ఆడమనిషికి ఇవ్వు. మహిళా సంఘంలో తిరిగేవాళ్లయితే మరీ మంచిది, వాళ్లకు ఎవరింట్లో ఎవరున్నారో నోటికి ఉంటుంది. జాబితాలో ఒక్కో పేరు ముందు నాలుగే గుర్తులు పెట్టించు: ఉన్నారు, ఇల్లు మారారు, చనిపోయారు, రెండుచోట్ల ఉంది. కిరాయి ఇళ్ల బస్తీల్లో 'ఇల్లు మారారు' అన్నదే పేజీలు నిండుతుంది. కొత్త పేరు చేర్చడానికి ఫారం 6, తీసేయడానికి 7, చిరునామా మార్చడానికి, తప్పు దిద్దడానికి 8. ఇవన్నీ నోటిఫికేషన్ రాకముందే ఐపోవాలి. ఆ తర్వాత ఎంత లొల్లి చేసినా లాభం లేదు. ఫారం 7లు కట్టలుకట్టలుగా ఎదుటివాళ్ల మీద వేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకు. తప్పుడు డిక్లరేషన్ నేరం, సంతకం నీ మనిషిదే.

నామినేషన్‌కు వస్తే, టైము చాలా తక్కువ. 2020లో నవంబరు 17న నోటిఫికేషన్ వచ్చింది. నామినేషన్లు 18 నుంచి 20 దాకా, పరిశీలన 21న, ఉపసంహరణ 22న, పోలింగ్ డిసెంబరు 1న. రెండు వారాల్లో అంతా ఐపోయింది. మూడు రోజుల్లో కుల ధ్రువపత్రం కోసం తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరగలేవు. ఇప్పుడే తెచ్చి పెట్టుకో. ఆస్తి పన్ను బకాయి రూపాయి కూడా ఉంచకు, కట్టిన రసీదు ఫైల్లో పెట్టు. ఇల్లు మీ మామగారి పేరు మీద ఉన్నా సరే, ఆ రసీదూ పెట్టు. అడిగాక వెతుక్కునే పని ఉండదు.

వయసు 21 నిండాలి, నీకు ఆ చింత లేదు. నీ ఓటు నగరపాలక సంస్థ పరిధిలో ఏ వార్డులో ఉన్నా నిలబడొచ్చు, నిన్ను ప్రతిపాదించే మనిషి ఓటు మాత్రం నువ్వు పోటీ చేసే వార్డులోనే ఉండాలి. చాలామంది ఇక్కడే జారతారు. దోస్తు కదా అని సంతకం పెట్టిస్తారు, తీరా చూస్తే అతని ఓటు రోడ్డుకు అవతల. తుది జాబితాలో అతని వరుస నంబరు నీ కళ్లతో చూశాకే పెట్టించు. వేరే ప్రతిపాదకుడితో ఇంకో సెట్ కూడా వేయి. అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకు, కేసులు లేకపోతే 'లేవు' అని రాయి. డిపాజిట్ 2020లో 5,000, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 2,500. ఈసారి ఎంతో నోటిఫికేషన్‌లో చూసుకో.

రిజర్వేషన్ సంగతి ఒకటి. సగం వార్డులు ఆడవాళ్లకే. 'మన వార్డు జనరల్ అయింది, ఇక ఆడవాళ్లకు లేదు' అని పెద్దమనుషులు అంటారు. జనరల్ అంటే మగవాళ్లదని ఎక్కడా రాసిలేదు. నిలబడొచ్చు.

పార్టీ టికెట్ అయితే బీ ఫారం, అంటే నువ్వే తమ అభ్యర్థివని పార్టీ ఇచ్చే కాగితం, చేతికొచ్చేదాకా ఎవరి మాటా నమ్మకు. ఫోన్‌లో 'నీకే' అన్నది కాగితం కాదు. అది గడువులోపు రిటర్నింగ్ అధికారి చేతిలో పడకపోతే నువ్వు స్వతంత్రురాలివే, గుర్తు వేరే.

గుర్తు అంటే జ్ఞాపకమొచ్చింది. 2020లో ఓల్డ్ మలక్‌పేటలో బ్యాలెట్ పేపరు మీద సీపీఐ కంకి కొడవలికి బదులు సీపీఎం సుత్తి కొడవలి నక్షత్రం పడింది. పోలింగ్ ఆపేశారు, మూడో తేదీన మళ్లీ జరిపారు. ఆ ఎన్నికలు బ్యాలెట్ పేపరుతోనే జరిగాయి. ఈసారీ అదే అయితే, బ్యాలెట్ నమూనా చూసే వీలు ఎప్పుడు దొరికినా వదలకు. నీ పేరు, ఇంటిపేరు, గుర్తు, వరుస, నాలుగూ చూడు.

ఇంకా పెద్దది ముద్ర. ఓటరు చేతికిచ్చేది స్వస్తిక్ ముద్ర. దాని కొమ్ములు ఒకే వైపు తిరిగి ఉంటాయి. కాగితం మడిచినప్పుడు తడి ఇంకు అవతలి గడిలో అంటుకుంటే, ఆ మరక అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తుంది. ఏది వేసిన ముద్రో, ఏది అంటిన మరకో అలా పోల్చుకుంటారు. మరక ఉందని ఓటు చెల్లదనే వాళ్లుంటారు, నీ కౌంటింగ్ ఏజెంట్‌కు ఈ ముక్క తెలియాలి. వేలిముద్ర, సంతకం, రెండు గడుల్లో ముద్ర ఉంటే మాత్రం చెల్లదు. మన ఇళ్లలో పెద్దవాళ్లకు నిలువుగా మడిచి, తర్వాత అడ్డంగా మడవమని నమూనా కాగితం మీద చేయించి చూపించు.

అదే 2020లో నేరేడ్‌మెట్‌లో కొన్ని ఓట్ల మీద స్వస్తిక్‌కు బదులు వేరే ముద్ర పడింది. అలాంటివి 544. ముందున్న అభ్యర్థి ఆధిక్యం 504. హైకోర్టు దాకా వెళ్లింది, మిగతా నగరమంతా ఫలితాలు వచ్చినా ఆ వార్డు ఆగింది. అందుకే నీ పోలింగ్ ఏజెంట్ పొద్దున వెళ్లగానే చేసే మొదటి పని, ఖాళీ డబ్బా చూడటంతోపాటు, ఓటరుకు ఇచ్చే ముద్ర ఒక్కసారి తెల్లకాగితం మీద వేయించి చూడటం. డబ్బాకు వేసిన సీలు నంబరు రాసుకోవాలి. సాయంత్రం ఎన్ని బ్యాలెట్లు ఇచ్చారో ఆ లెక్క కాగితం నకలు లేకుండా బూత్ దాటి రాకూడదు. అది లేకపోతే కౌంటింగ్ రోజు డబ్బా తెరిచి కాగితాలు లెక్కపెట్టేటప్పుడు నీ మనిషి ఊరికే నిలబడి చూడాల్సిందే. నీ ఓటరు వచ్చేసరికి ఆ పేరు మీద ఎవరో వేసేసి ఉంటే టెండర్ ఓటు అడగమను. అది డబ్బాలో పడదు, వేరే కవర్లో ఉంటుంది, కానీ కోర్టుకు వెళ్తే పనికొస్తుంది.

కౌంటింగ్‌లో ముందు ఇరవై ఐదేసి కట్టలు కడతారు, ఆ తర్వాత బూత్‌లన్నీ కలిపేస్తారు. టిఫిన్‌కని ఏజెంట్లు బయటికి పోయేది సరిగ్గా అప్పుడే. కట్టలో ఇరవై నాలుగే ఉంటే పట్టుకునే సమయం అదే. కలిపాక అభ్యర్థులవారీగా విడదీసి కట్టలు కట్టేటప్పుడు, ఎదుటివాళ్ల కట్టలో నీ కాగితం కలవకుండా చూడాలి.

ఖర్చు పరిమితి పోయినసారి 5 లక్షలు. వేరే బ్యాంకు ఖాతా తెరువు, చాయ్ బిల్లుతో సహా ఏ రోజుది ఆ రోజు రాయించు. ఫలితం వచ్చాక 45 రోజుల్లో లెక్క ఇవ్వాలి. గెలిచినవాళ్లు ఇస్తారు, ఓడినవాళ్లు అలిగి ఇంట్లో కూర్చుంటారు, మూడేళ్లు పోటీకి అనర్హులవుతారు.

చివరిగా, ప్రచారంలో ఏం మాటిస్తావో చూసుకో. నల్లా నీళ్లు, మ్యాన్‌హోళ్లు జలమండలివి, అంటే మంచినీటి, మురుగునీటి బోర్డువి. వాననీటి నాలాలు, చెత్త, వీధిదీపాలు, గల్లీ సీసీ రోడ్లు, పార్కులు, దోమల మందు బల్దియావి. రేషన్ కార్డు, పట్టా కార్పొరేటర్ చేతిలో లేవు. బస్తీవాళ్లు మ్యాన్‌హోలునూ, వాననీటి నాలానూ రెండింటినీ 'మోరీ' అనే అంటారు. మోరీ పొంగుతోందంటే నిలబడి చూడు: గుండ్రటి మూత కిందిదైతే దాదాపు ఎప్పుడూ జలమండలిదే, బండలు పరిచిన కాలువైతే మనది. మేయర్‌ను నేరుగా జనం ఎన్నుకోరు, కార్పొరేటర్లూ ఎక్స్ అఫీషియో సభ్యులూ (హోదా వల్ల సభ్యులయ్యే ఎమ్మెల్యేలు, ఎంపీల వంటివాళ్లు) చేతులెత్తి ఎన్నుకుంటారు. 2020లో పార్టీలవారీగా 56, 48, 44, 2 సీట్లు వచ్చాయి, ఎవరికీ సగం రాలేదు. అలాంటప్పుడు పార్టీ విప్, అంటే పార్టీ ఆదేశం, నీ చేయి ఎటు లేపాలో చెబుతుంది. టికెట్ తీసుకునేముందే అది ఆలోచించుకో.

ఆదివారం రా. హద్దుల నోటిఫికేషన్ ప్రింటు, మీ బూత్ జాబితా, పన్ను రసీదు తీసుకురా. ఫ్లెక్సీ ఫొటో తేనక్కర్లేదు.

నీ
మేనమామ