టమోటా తోటలో శాంపిల్ తీయబోయే మా అమ్మలుకి

అమ్మలూ,

టమోటా ఆకుముడత వైరస్‌ల జెనెటిక్ డైవర్సిటీ మీద పీహెచ్‌డీ తీసుకున్నావనీ, మదనపల్లె వైపు నుంచే శాంపిళ్ళు మొదలుపెడతావనీ మీ అమ్మ చెప్పింది, ఎంత సంతోషమేసిందో. ల్యాబ్ సంగతి తర్వాత, ముందు ఒక్క మాట విను, నీకు ఎన్ని రకాల వైరస్‌లు దొరుకుతాయనేది నువ్వు తోటలో ఏ మొక్క దగ్గర ఆగావో దాన్నిబట్టే ఉంటుంది.

కొత్తలో నేను బాగా ముడుచుకుపోయి పసుపెక్కి గిడసబారిన మొక్కలే ఏరుకొచ్చా, చూస్తే దాదాపు అన్నిట్లో ఒకటే వైరస్. ఆ తోట రైతమ్మ అప్పుడే అంది, "సచ్చేవాటినే చూస్తావేం సారూ, ఇది కొంచెం ముడుచుకుని కూడా కాయ కాస్తాంది, దీన్ని చూడవా" అని. చూడలేదమ్మా, ఇప్పటికీ బాధే. అందుకే నువ్వు సాలు పట్టుకుని పది మొక్కలకి ఒకటి చొప్పున తియ్యి, ముడతున్నా లేకపోయినా, పైన లేత ఆకే తియ్యి, గట్టు మీద వయ్యారిభామని కూడా వదలొద్దు. ఏ హైబ్రిడ్డో తప్పకుండా రాసుకో, ఎందుకంటే ఆకుముడతని తట్టుకునే టై-2 జీన్ ఒక్కటే ఉన్న రకం, జీనోమ్ (జన్యు పదార్థం) ఒకే ముక్కగా ఉండే బెంగళూరు ఆకుముడత వైరస్ లాంటి వాటిని ఆపినా, రెండు ముక్కలుగా ఉండే న్యూఢిల్లీ ఆకుముడత వైరస్ లాంటి వాటి ముందు సరిగ్గా నిలబడదు, అది రాసుకోకపోతే నీ సీక్వెన్స్‌కి అర్థమే ఉండదు.

ఈ వైరస్‌లని మోసే తెల్లదోమని తెల్లారగట్లే పట్టు, చలికి మందకొడిగా ఉంటుంది, ఆకు మెల్లగా తిప్పితే అడుగున పిండి చల్లినట్టు కనిపిస్తుంది. ఆల్కహాల్‌లో వేసి లేబుల్ పెన్సిల్‌తోనే రాయి, పెన్ను సిరా కరిగిపోతుంది. దోమలోనూ రకాలున్నాయి, బయటి నుంచి వచ్చిన బి బయోటైప్ అనే రకం కోలార్ వైపు 1999లోనే కనిపించింది, కాబట్టి దోమ డీఎన్‌ఏ కూడా చూడాల్సిందే.

ఆకుముడత వైరస్ డీఎన్‌ఏది కాబట్టి ఆకు సిలికా జెల్‌లో ఎండబెట్టినా పర్లేదు, కానీ తామర పురుగులు మోసుకొచ్చే మొవ్వుకుళ్ళు వైరస్ ఆర్‌ఎన్‌ఏది, దాన్ని ఐస్‌లో పెట్టకపోతే పోయినట్టే. కాయ మీద ఉంగరాల్లాంటి మచ్చలు కనిపిస్తే అదేమో అని అనుమానించు.

ల్యాబ్‌కొచ్చాక వైరస్ పైతొడుగు తయారుచేసే కోట్ ప్రోటీన్ జీన్ ముక్క ఒక్కటే చదివి పేరు పెట్టేయకు, గుండ్రటి డీఎన్‌ఏని కాపీలు తీసే రోలింగ్ సర్కిల్ పద్ధతితో పెంచి 2.7 కిలోబేస్‌లు, అంటే సుమారు 2,700 అక్షరాల డీఎన్‌ఏ మొత్తం చదువు. ఇప్పటికే తెలిసిన వైరస్‌లతో పోలిక 91 శాతం కంటే తగ్గితేనే కొత్త జాతి అంటారు, 90.8 వచ్చిందని ఎగిరి గంతేయకుండా వేరే క్లోన్ (అదే డీఎన్‌ఏ ఇంకో కాపీ) తీసి మళ్ళీ చదువు. ఒకే మొక్కలో రెండు వైరస్‌లుంటే డీఎన్‌ఏ కాపీలు తీసే పీసీఆర్‌లోనే ముక్కలు అతుక్కుని దొంగ రీకాంబినెంట్ (రెండు వైరస్‌ల ముక్కలు కలిసిన డీఎన్‌ఏ) తయారవుతుంది, నిజమైనవీ చాలానే ఉంటాయి, ఈ వైరస్‌లు ఇంత వేగంగా మారేది సగం అందువల్లే, కాబట్టి రెండు వేర్వేరు రియాక్షన్లలో ఒకటే అతుకు కనిపిస్తేనే నమ్ము.

ఇంకోటి, రైతు ఫోన్ నంబర్ తీసుకో. రిజల్ట్ రావడానికి ఏడాది పట్టినా సరే ఫోన్ చేసి ఆ తోటలో ఏముందో, నారు ఏ రకం పెడితే మేలో చెప్పు. బయల్దేరే ముందు ఇంటికి రా, దోమలు పీల్చే నా పాత ఆస్పిరేటర్ ఇంకా బాగానే పనిచేస్తోంది, పట్టుకెళ్దువుగాని.

మీ పెదనాన్న