ఒడ్డు కరెంటు తీసుకునే బోటును లోహక్షయం నుంచి కాపాడుకోవడం: మేనల్లుడికి లేఖ

చిరంజీవి శ్రీధర్‌కు మామయ్య ఆశీస్సులు.

అమెరికాలోని అన్నాపొలిస్‌లో నీవు కొన్న సెయిల్‌బోటులో, ప్రొపెల్లరును తిప్పే షాఫ్టుకు బిగించిన జింకు సీజను సగం కాకముందే కరిగిపోయిందనీ, అదే జింకు మునుపటి యజమానికి ఏడాది పొడుగునా వచ్చేదనీ రాశావు. ఆయన బోటును నీటి మధ్య తేలే బోయాకు కట్టి ఉంచేవాడు. నీవు మెరీనాలో, అంటే బోట్లు నిలిపే రేవులో కట్టి, బ్యాటరీ ఛార్జరు కోసం, ఫ్రిజ్ కోసం రాత్రింబవళ్లు ఒడ్డు నుంచి కరెంటు తీసుకుంటున్నావు. తేడా అంతా అక్కడే ఉంది. జింకు నాణ్యతను అనుమానించి దుకాణం మార్చే ముందు ఈ ఉత్తరం ఒకసారి నిదానంగా చదువు.

ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు మునిగి ఉండి, వాటిని నీటికి బయట ఒక తీగ కలిపితే అక్కడ బ్యాటరీ తయారైనట్లే. సముద్రపు నీటిలో, పోల్చి కొలవడానికి నీటిలోకి దింపే సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడుతో కొలిస్తే జింకు సుమారు మైనస్ 1 వోల్టు, మామూలు ఉక్కు మైనస్ 0.6 నుంచి మైనస్ 0.7, కంచు మైనస్ 0.3కు దగ్గరగా, మంచి స్థితిలో ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు సున్నాకు కాస్త దిగువన చూపిస్తాయి. మైనస్ ఎక్కువగా ఉన్న లోహం కరుగుతూ, తక్కువగా ఉన్నదాన్ని కాపాడుతుంది. నీ బోటులో స్టెయిన్‌లెస్ షాఫ్టు, కంచు ప్రొపెల్లరు ఉన్నాయి కనుక వాటి బదులు కరగడానికే జింకు దిమ్మను బిగిస్తాము. ఈ ఏర్పాటు నీ బోటు వరకే పరిమితమైనంత కాలం దిమ్మ నెమ్మదిగా, లెక్క ప్రకారం అరుగుతుంది.

ఒడ్డు కేబులు తగిలించగానే లెక్క మారుతుంది. అమెరికాలో మామూలుగా వాడే 30 ఆంపియర్ల కేబులులో మూడు తీగలుంటాయి. కరెంటు తెచ్చేది నలుపు, తిరిగి తీసుకుపోయేది తెలుపు, ఎర్త్ ఆకుపచ్చ. ఆ ఎర్త్ తీగ బోటు లోపల బ్యాటరీ నెగెటివ్‌తో, ఇంజనుతో, తద్వారా షాఫ్టుతో కలిసి ఉంటుంది. పక్క బోట్లలోనూ అంతే. ఒడ్డున ఆకుపచ్చ తీగలన్నీ ఒకే చోట కలుస్తాయి కనుక, నీ జింకు ఇప్పుడు నీ ప్రొపెల్లరును మాత్రమే కాక, జింకు ఎప్పుడో అరిగిపోయినా పట్టించుకోని పొరుగువాడి ప్రొపెల్లరునూ, రేవు గోడగా దింపిన ఉక్కు రేకులు ఎర్త్‌కు తగులుతూ ఉంటే వాటినీ కాపాడుతూ ఉంటుంది. సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

ఇందులో పారే కరెంటు చాలా తక్కువగానే ఉంటుంది కానీ ఆగకుండా పారుతుంది. 100 మిల్లీ ఆంపియర్లు ఏడాది పాటు పారితే కరిగే జింకు కిలోకు కాస్త పైమాటే. నీ షాఫ్టు దిమ్మను తూచి చూసుకుంటే అది ఎన్ని నెలలు ఆగుతుందో నీకే తెలుస్తుంది. దిమ్మ అయిపోయిన తరువాత వంతు ప్రొపెల్లరుది. మాంగనీస్ కంచు అని అమ్మే ప్రొపెల్లర్లలో జింకు దాదాపు 40 శాతం ఉంటుంది. ముందుగా ఆ జింకే కరిగి వెళ్లిపోయి, బలం లేని గుల్ల రాగి మిగులుతుంది. బోటును పైకి తీసినప్పుడు రెక్క అంచును చాకుతో కొద్దిగా గీకి చూడు. లోపల పసుపు మెరుపు కనిపిస్తే మంచిదే. గులాబీ రంగు తేలితే క్షయం మొదలైనట్లు. చిన్న సుత్తితో తట్టినప్పుడు గంటలా ఖంగుమనవలసిన రెక్క మట్టికుండలా మొద్దుగా పలికితే, ఆ ప్రొపెల్లరును మళ్లీ నీటిలోకి దించవద్దు.

ఆకుపచ్చ తీగే దారి చూపిస్తోందని తెలిసిన వెంటనే చాలామందికి దాన్ని కత్తిరించాలనిపిస్తుంది. రేవులో ఎవరో ఒకరు ఆ సలహా నీకు ఇస్తారు కూడా. ఎట్టి పరిస్థితిలోనూ ఆ పని చేయవద్దు. బోటులో ఏ ఛార్జరులోనో, నీళ్లు కాచే హీటరులోనో ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున, ఆ కరెంటును ఒడ్డుకు చేర్చి బ్రేకరును పడేసేది ఆ తీగే. అది లేకపోతే ఆ కరెంటు షాఫ్టు మీదుగా నీటిలోకి దిగుతుంది. ఉప్పు తక్కువగా ఉన్న నీటిలో ఈదుతున్న మనిషి ఒంటి గుండా అది తేలికగా పోతుంది. కండరాలు బిగుసుకుపోయి, ఈత బాగా వచ్చినవారు సైతం మునిగిపోతారు. అమెరికా మెరీనాల్లో పిల్లలతో సహా ఎందరో ఇలా చనిపోయారు. తీగలు ఎంత బాగున్నా సరే, కరెంటు ఉన్న రేవు దగ్గర పిల్లలను నీటిలోకి దిగనివ్వవద్దు.

తీగను ఉంచుతూనే దొంగ కరెంటును ఆపే సాధనం గాల్వానిక్ ఐసొలేటరు. దీనిలో కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లను రెండేసి చొప్పున వరుసగా కలిపి, ఆ జంటలను ఎదురెదురు దిశల్లో అమర్చుతారు. వాటి మీద 1.2 వోల్టులకు అటూ ఇటూగా ఒత్తిడి వచ్చే దాకా అవి డీసీ కరెంటును పోనివ్వవు. జింకుకూ ఉక్కుకూ మధ్య తేడా అర వోల్టుకు మించదు, స్టెయిన్‌లెస్‌తో పోల్చినా ఒక వోల్టు దగ్గరే ఉంటుంది కనుక లోహాల మధ్య పుట్టే కరెంటుకు తలుపు మూసుకున్నట్టే. ఇన్సులేషన్ తెగి పెద్ద ఏసీ కరెంటు వచ్చినప్పుడు మాత్రం డయోడ్లు తెరుచుకుని దాన్ని ఒడ్డుకు పంపిస్తాయి. కొనేటప్పుడు రెండు సంగతులు చూడు. డయోడ్లకు సమాంతరంగా కెపాసిటరు ఉన్న రకమే తీసుకో. రేవులో ఎప్పుడూ ఉండే చిన్నపాటి ఏసీ లీకేజీ డయోడ్లను తెరిచి ఉంచకుండా అది చూసుకుంటుంది. రెండోది, పాడైపోయినా ఎర్త్ దారి తెగిపోని ఫెయిల్‌సేఫ్ రకం అని దాని మీద రాసి ఉండాలి. అమెరికాలో దీనికి, బోట్ల ప్రమాణాలు రూపొందించే సంస్థ ఏబీవైసీ వారి ప్రమాణం ఏ-28 ఉంది.

దానిని బిగించే చోటు ముఖ్యం. కేబులు బోటులోకి దిగే సాకెట్ నుంచి వచ్చిన ఆకుపచ్చ తీగ, ఇంకే తీగతోనూ కలవకముందే ఐసొలేటరు గుండా పోవాలి. చాలా బోట్లలో పని చెడేది ఇక్కడే: మెయిన్ ప్యానెల్ దగ్గర చక్కగా బిగిస్తారు, కానీ తరువాత ఎవరో పెట్టిన మరో పరికరం ఎర్త్ నేరుగా సాకెట్ దగ్గర కలిసి ఉంటుంది. ఒడ్డు నుంచి తెచ్చిన కేబుల్ టీవీ తీగ పైతొడుగు కూడా అలాంటి దొడ్డిదారే. రెండు కేబుళ్లు వాడితే రెండు ఐసొలేటర్లు కావాలి.

దీనికంటే మేలైనది ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు. ఒడ్డు తీగలకూ బోటు తీగలకూ మధ్య లోహ సంబంధమే లేకుండా, అయస్కాంత క్షేత్రం ద్వారా మాత్రమే కరెంటు అందుతుంది. ఉక్కు లేదా అల్యూమినియం హల్లు (బోటు దేహం) ఉన్న బోటుకైతే నేను దీన్నే పెట్టమంటాను. నీ ఫైబర్‌గ్లాస్ బోటుకు ఆ బరువూ ఆ ఖర్చూ అనవసరం.

ఐసొలేటరు బిగించాక నమ్మకంతో కూర్చోక, కొలిచి తీరాలి. సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడు ఒకటి కొనుక్కో, మామూలు డిజిటల్ మల్టీమీటరు చాలు. ఎలక్ట్రోడును మీటరు నల్ల తీగకు కలిపి, బోటు నడిమి భాగం పక్కన రెండు మూడు అడుగుల లోతుకు దింపు. ఎర్ర తీగ మొనను ఇంజను బ్లాకుకు, ఆ తరువాత షాఫ్టుకు, నీటి కింద ఉన్న ఒక్కొక్క లోహభాగానికి తాకించు. ముందు ఒడ్డు కేబులు తీసేసి అంకె రాసుకో. తరువాత తగిలించి మళ్లీ రాసుకో. కంచు, స్టెయిన్‌లెస్ ఉన్న ఫైబర్‌గ్లాస్ బోటుకు మైనస్ 550 నుంచి మైనస్ 1100 మిల్లీవోల్టుల మధ్య ఉండాలి. కేబులు లేనప్పుడు మైనస్ 850 ఉన్నది తగిలించగానే మైనస్ 650కి దిగితే నీ జింకు ఊరంతటికీ పని చేస్తోందని అర్థం. ఐసొలేటరు సరిగ్గా ఉంటే ఆ రెండు అంకెలూ దాదాపు ఒకటిగానే ఉంటాయి. ఇంజను ఒక అంకె, షాఫ్టు వేరొక అంకె చూపిస్తే వాటి మధ్య కలిపే తీగ తుప్పు పట్టి ఉంటుంది, దాన్ని ముందు శుభ్రం చేయి. ఐసొలేటరునూ ఏడాదికొకసారి, ఒడ్డు కేబులు పూర్తిగా పీకిన తరువాత, మీటరు డయోడ్ అమరికలో రెండు దిక్కులా పరీక్షించు; సుమారు 0.9 వోల్టు చూపాలి. కెపాసిటరు ఉంది కనుక అంకె నెమ్మదిగా పైకెక్కి నిలుస్తుంది. సున్నా వస్తే అది ఇక దేనినీ ఆపడం లేదు. ఏ అంకే రాకుండా తెగినట్లు చూపిస్తే ఇంకా ప్రమాదం, నీకు ఎర్త్ లేనట్లే. సమీపంలో పిడుగు పడితే ఏడాది ఆగకుండా వెంటనే చూడు.

ఇక దిమ్మల విషయం. చెసపీక్ బేలో మీ దగ్గరి నీరు పూర్తి సముద్రపు నీరు కాదు, ఉప్పు చాలా తక్కువ. అలాంటి నీటిలో ఒక్కోసారి జింకు మీద గట్టి పొర కట్టి, కరగడం మానేసి, చూపులకు కొత్తదిలా ఉంటూ ఏ పనీ చేయదు. అందువల్ల అల్యూమినియం యానోడులే, అంటే జింకు బదులు కరిగే అల్యూమినియం దిమ్మలే, నీకు తగినవి. ఇవి ఉప్పునీటిలోనూ పని చేస్తాయి. మెగ్నీషియం మంచినీటి సరస్సుల్లోనే వాడాలి. బిగించే ముందు షాఫ్టును తళతళలాడేలా రుద్దాలి, దిమ్మ మీద రంగు పడకూడదు, సగం అరగగానే మార్చాలి. ఎక్కువ దిమ్మలు పెడితే ఎక్కువ రక్షణ అని కూడా అనుకోకు. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగి రేకులకు ఇనుము, జింకు ముక్కలు తగిలించి క్షయాన్ని ఆపాడు. అయితే రాగి కరగడం మానేసరికి, దాని విషం లేక, హల్లుల నిండా నాచూ గవ్వలూ పెరిగి ఓడలు నెమ్మదించాయి. చెక్క బోట్లకైతే మితిమీరిన రక్షణ వల్ల లోహం చుట్టూ క్షారం పుట్టి చెక్కే చెడిపోతుంది.

ఇంతవరకు చెప్పినదంతా లోహాల మధ్య తేడా వల్ల పుట్టే కరెంటు గురించి. బోటు అడుగున (బిల్జ్‌లో) చేరే నీటిని తోడే బిల్జ్ పంపుకు వెళ్లే, ఆ నీటిలోనే నానుతున్న పాజిటివ్ తీగ నుంచి కారే 12 వోల్టుల కరెంటు వేరే సంగతి. అది నెలల్లో కాక రోజుల్లోనే ప్రొపెల్లరును తినేయగలదు, నీ బోటు లోపలిదే కనుక దాన్ని ఐసొలేటరు ఆపలేదు. దిమ్మ హఠాత్తుగా వారం పది రోజుల్లో మాయమైతే రేవును అనుమానించడం మాని ముందు బిల్జ్ లోని తీగల అతుకులు వెతుకు. ఆ అతుకులు ఎప్పుడూ నీటి మట్టానికి పైనే ఉండాలి.

ఒక చిన్న మాట. ఫ్రిజ్ అవసరం లేని రోజుల్లో కేబులు పీకేసి, బ్యాటరీ నిండుగా ఉంచడానికి ఒక చిన్న సోలార్ ప్యానెల్ పెట్టుకుంటే సమస్యలో సగం అక్కడే తీరిపోతుంది. ముందు కేబులు ఉన్నప్పుడూ లేనప్పుడూ వచ్చిన అంకెలు రాసి పంపు, బోటు పైకి తీసినప్పుడు గీకిన రెక్క ఫొటో కూడా పంపు. అవి చూశాక ఎన్ని ఆంపియర్ల ఐసొలేటరు కొనాలో, ఏ తీగ ఎక్కడ విప్పాలో విడిగా రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య